రేపు అనే అప్పు

‘రేపు చూద్దాంలే.’ ఇంతకన్నా తేలికగా నోటి నుంచి జారే మాట మరొకటి లేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారైతే ‘కల్ దేఖేంగే’ అంటారు. కరెంటు బిల్లు, షుగర్ పరీక్ష, అబ్బాయి కాలేజీ దరఖాస్తు, పొరుగూళ్లో ఉన్న అక్కయ్యకు చేయాల్సిన ఫోను, ఖజా అయిపోయిన నమాజులు... అన్నీ ఈ ఒక్క మాట కిందకే చేరుతాయి. మాట చిన్నదే. దాని బరువు మాత్రం చిన్నది కాదు.

తెలుగులో దీన్ని తాత్సారం అంటాం. ఉర్దూలో టాల్‌మటోల్. అరబీలో దీని పేరు తస్వీఫ్. ‘ఇకముందు చేస్తాను’ అనే అర్థాన్నిచ్చే ‘సౌఫ’ అనే పదం నుంచి ఇది పుట్టింది. చేయనని చెప్పే ధైర్యమూ లేక, చేస్తానని లేచే పట్టుదలా లేక మధ్యలో ఆగిపోవడమే తస్వీఫ్. ఇమామ్ ఇబ్నుల్ జౌజీ ‘తల్బీసె ఇబ్లీస్’ గ్రంథంలో దీన్ని షైతాను పన్నే వలల్లో ఒకటిగా పేర్కొన్నారు. సత్కార్యం చేయవద్దని విశ్వాసితో చెబితే అతను వినడు. ‘చెయ్యి, కానీ ఈ రోజు కాదు’ అంటే మాత్రం వింటాడు. షైతానుకు ఆ మాత్రం చాలు.

సోమరితనం ఒక్కటే కాదు

తాత్సారం చేసేవారంతా సోమరులేనని మనం అనుకుంటాం. దైవప్రవక్త (స) సహచరుడు హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) వృత్తాంతం చదివితే ఈ అభిప్రాయం మారుతుంది. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు ఆ వృత్తాంతాన్ని ఆయన నోటి మాటగానే వివరంగా భద్రపరిచాయి.

హిజ్రీ 9వ సంవత్సరం, అంటే క్రీ.శ. 630. తబూక్ ప్రయాణానికి పిలుపు వచ్చింది. మండు వేసవి. దూర ప్రయాణం. మదీనాలో పండ్లు పక్వానికి వచ్చి, చెట్ల నీడలు హాయిగొలుపుతున్న సమయం. కాబ్ (రజి) సామాన్యులు కారు. అఖబా ప్రమాణంలో పాల్గొన్న అన్సారీ, పేరున్న కవి. అంతకుముందెన్నడూ లేనంత ఆరోగ్యం, స్తోమత ఆ సమయంలో ఆయనకు ఉన్నాయి. ఎప్పుడూ లేనిది, సవారీకి రెండు జంతువులు కూడా సిద్ధంగా ఉన్నాయి. ఆయన రోజూ ఉదయం ప్రయాణానికి సన్నద్ధం కావాలని బయలుదేరేవారు. ఏమీ చేయకుండానే సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. నాకు అన్నీ ఉన్నాయి, ఎప్పుడంటే అప్పుడు సిద్ధం కాగలను అనుకునేవారు. ఒక ఉదయం సైన్యం కదిలిపోయింది. అప్పుడు కూడా ఒకటి రెండు రోజుల్లో వెళ్లి కలుసుకోవచ్చులే అనుకున్నారు. చివరికి కలుసుకోలేనంత దూరం వారు వెళ్లిపోయారు.

ఈ సంఘటనను నిదానంగా పరిశీలించండి. ‘నేను వెళ్లను’ అని కాబ్ (రజి) ఏ రోజూ నిర్ణయించుకోలేదు. ‘ఈ రోజు కాదు’ అని మాత్రమే అనుకున్నారు. ‘ఈ రోజు కాదు’లన్నీ కలిసి చివరికి ‘వెళ్లలేదు’గా మారాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయనను వెనక్కి లాగింది పేదరికం కాదు, రోగం కాదు. చేయగలనన్న ధీమాయే ఆయనను ఆపింది.

ప్రవక్త (స) తిరిగి వచ్చాక ఎనభై మందికి పైగా కపటులు సాకులు చెప్పి తప్పించుకున్నారు. కాబ్ (రజి) మాత్రం తన దగ్గర ఏ సాకూ లేదని నిజం చెప్పారు. ఆయనతో పాటు హిలాల్ బిన్ ఉమయ్య (రజి), మురారా బిన్ రబీ (రజి)లతో ఎవరూ మాట్లాడరాదన్న ఆజ్ఞ వచ్చింది. యాభై రోజులు ఊరంతా మౌనం వహించింది. ఆ రోజుల్లోనే గస్సాన్ రాజు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీవాళ్లు మిమ్మల్ని దూరం పెట్టారట, మా దగ్గరికి రండి, ఆదరిస్తామని దాని సారాంశం. కాబ్ (రజి) దాన్ని అక్కడికక్కడే పొయ్యిలో వేసి కాల్చేశారు. మంచి పనికి రోజుల తరబడి వాయిదా వేసిన మనిషి, చెడును వదిలించుకోవడంలో ఒక్క క్షణం కూడా వాయిదా వేయలేదు. ఆయన నేర్చుకున్న పాఠం ఇక్కడ కనిపిస్తుంది. యాభై రోజుల తర్వాత ఆ ముగ్గురి పశ్చాత్తాపం స్వీకరించబడిందని తెలిపే శుభవార్త దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరాలో (9:118) అవతరించింది.

మనసు వేసే ఎత్తు

మనస్తత్వ పరిశోధకులు కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నారు. కెనడాలో పరిశోధన చేసిన ఫ్యూషా సిరోయిస్, తిమోతీ పిచిల్‌లు 2013లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, తాత్సారం అనేది గడియారానికి సంబంధించిన సమస్య కన్నా మనసుకు సంబంధించిన సమస్య. ఒక పని తలచుకోగానే భయమో, విసుగో, సిగ్గో కలుగుతుంది. దాన్ని రేపటికి నెట్టగానే ఆ బాధ తొలగి హాయిగా ఉంటుంది. ఆ కాసేపటి హాయికి మనసు అలవాటు పడిపోతుంది. షుగర్ పరీక్ష చేయించుకోని పెద్దాయనకు తీరిక లేక కాదు, ఫలితం ఏమొస్తుందోనని భయం. అప్పిచ్చిన వాడి ఫోను ఎత్తని మనిషికి చెవులు వినపడక కాదు, ముఖం చెల్లక.

మరి ఆ హాయి నిలుస్తుందా? అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానికి చెందిన డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ 1997లో విద్యార్థులపై జరిపిన అధ్యయనం వెలువరించారు. చదువును వాయిదా వేసేవారు మొదట్లో తోటివారికన్నా నిశ్చింతగా, ఆరోగ్యంగా కనిపించారు. పరీక్షలు దగ్గరపడేసరికి వారి ఆందోళన, అనారోగ్యం తోటివారిని మించిపోయాయి. మొత్తం మీద చూస్తే బాధా వారికే ఎక్కువ, మార్కులూ వారికే తక్కువ. ఇంటర్మీడియట్ కాలేజీలకు, కోచింగ్‌లకు పేరుమోసిన విజయవాడలో ఈ సంగతి తల్లిదండ్రులకు కొత్త కాదు. కానీ పుస్తకం తెరవని బిడ్డను ‘సోమరిపోతు’ అని తిట్టేముందు ఒక్కసారి ఆలోచించాలి. ఏ పాఠం చూసి జంకుతున్నాడో అడగాలి. భయంతో తప్పించుకునే వాడిని తిడితే ఇంకా దూరం తప్పించుకుంటాడు.

మూల్యం చెల్లించేది ఎవరు?

ఇంతవరకు చెప్పుకున్నది మనకు మనం చేసుకునే నష్టం. అసలు విషయం దాని తర్వాతే ఉంది. మనం ‘రేపు’ అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. అంటే మన రేపు చాలాసార్లు ఇంకొకరి దగ్గర చేసిన అప్పు.

కూలీ సంగతి చూడండి. చెమట ఆరకముందే కూలీకి వేతనం ఇవ్వాలని ప్రవక్త (స) ఆదేశించినట్టు ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. ఆటోనగర్ షెడ్లలో, మార్కెట్ దుకాణాల్లో, బట్టలు కుట్టే చోట పనిచేసే కుర్రాడికి శనివారం ఇవ్వాల్సిన జీతం సోమవారానికి మారితే యజమానికి పెద్ద తేడా ఉండదు. కుర్రాడి ఇంట్లో మాత్రం ఆ రెండు రోజులు పొయ్యి మీద తేడా కనిపిస్తుంది. అలాగే, రంజాన్ నెలలో పండుగ ముందు రోజు దాకా ‘రేపు రండి’ అంటూ తిప్పించే దర్జీ కూడా ఒక పిల్లవాడి ఈద్ సంతోషాన్ని తన దగ్గర తాకట్టు పెట్టుకున్నట్టే.

అప్పు విషయంలో ఇస్లాం మాట మరింత కఠినం. తీర్చగల స్తోమత ఉండీ వాయిదా వేయడం దౌర్జన్యమని ప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. లేనివాడికి గడువు ఇవ్వమని దివ్య ఖుర్ఆన్ (2:280) అప్పిచ్చిన వాడికి చెబుతుంది. ఉన్నవాడు గడువు పొడిగించుకోవడాన్ని మాత్రం జులుం అంటుంది హదీసు. రెంటికీ తేడా జేబులో ఉంది, దాన్ని మనమే నిజాయితీగా చూసుకోవాలి.

ఇక మన ఇళ్లలో అత్యంత పాత వాయిదా మహర్. నికాహ్‌నామాలో ‘ముఅజ్జల్’ అన్న చోట కొంత మొత్తం రాసి ‘తర్వాత ఇస్తాం’ అంటారు. ధర్మశాస్త్రం దానికి అనుమతి ఇచ్చింది. కానీ ‘తర్వాత’ ఎప్పుడు? పిల్లలు పుడతారు, ఇల్లు కడతారు, మనవళ్లు వస్తారు. చాలా ఇళ్లలో ఆ ‘తర్వాత’ భర్త జనాజా లేచే రోజున వస్తుంది. ఏడుస్తున్న భార్య చుట్టూ చేరి, ‘మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా’ అంటారు. ఆ పరిస్థితిలో ఏ స్త్రీ కాదనగలదు? సంతోషంగా ఇవ్వవలసిన దానిని నిసా సూరా (4:4) ఆమె హక్కుగా నిర్ణయించింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా ఇవ్వగలిగి, ఇవ్వకుండా, చివరికి కన్నీళ్ల మధ్య మాఫీ అడగడం ఆ హక్కును గౌరవించడం ఎలా అవుతుంది?

అంతకన్నా పెద్దది అక్కచెల్లెళ్ల వాటా. తండ్రి చనిపోయాక అప్పులు, వసీయత్ తీరగానే ఆస్తిలో ఎవరి భాగం వారికి చేరాలని అదే సూరా (4:11, 12) లెక్కలతో సహా వివరించింది. మన దగ్గర నలభై రోజులు కాకముందే ఈ మాట ఎత్తితే తప్పంటారు. సంవత్సరం దాటాక ఎత్తితే ‘తొందరేముంది, అందరం ఒకటే కదా’ అంటారు. ‘చెల్లెలు అడగలేదు కదా’ అనేది అన్నిటికన్నా సులువైన సాకు. పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో ఆమె అడగదు. అడగకపోవడాన్ని వదులుకోవడంగా లెక్కకట్టేస్తారు. ఈ లోపు పొలం తాతగారి పేరు మీదే ఉండిపోతుంది. వారసుల్లో ఒకరు పోతే వారి పిల్లలు, వారిలో ఒకరు పోతే మళ్లీ వారి పిల్లలు హక్కుదారులవుతారు. నలుగురి సంతకాలతో అయ్యే పని నలభై మంది సంతకాలు కావాల్సిన పనిగా మారుతుంది. 2014లో రాజధాని ప్రకటన తర్వాత కృష్ణకు ఇరువైపులా భూముల ధరలు పెరిగాయి. ధర పెరిగే కొద్దీ ఇవ్వాల్సిన చేయి బిగుసుకుంటుంది. మొదటి ఏడాది సిగ్గుతో వాయిదా వేసినవాడు పదో ఏడాది ఆశతో వాయిదా వేస్తాడు.

ఇవన్నీ హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కులు. అల్లాహ్ తన హక్కుల విషయంలో క్షమించవచ్చు. సాటి మనిషి హక్కును మాత్రం ఆ మనిషికే అప్పగించాలి, లేదా ఆ మనిషే మనస్ఫూర్తిగా క్షమించాలి. తౌబాకు పండితులు పెట్టిన షరతు ఇది. కాబట్టి ‘తర్వాత తౌబా చేసుకుంటాలే’ అనే వారు ఒకటి గుర్తుంచుకోవాలి. హక్కుదారు ముందే లోకం విడిచిపోతే ఆ తౌబా చాలా కష్టమవుతుంది.

కృష్ణమ్మ చెప్పే పాఠం

ఒక ఇంటికి వర్తించేదే ఊరికీ వర్తిస్తుంది. మనం తినే అన్నం వెనుక కూడా ఒక తాత్సారం కథ ఉంది. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట కట్టి పొలాలకు నీరివ్వాలన్న ఆలోచన 18వ శతాబ్దం చివరి దశకంలోనే ఈస్టిండియా కంపెనీ అధికారుల ముందుకు వచ్చింది. కాగితాలు తిరిగాయి, సంవత్సరాలు గడిచాయి. ఇంతలో 1832-33 కరువు వచ్చిపడింది. గుంటూరు ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటి లెక్కల ప్రకారం 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షల మంది మరణించారు. ఆ తర్వాత కూడా పని మొదలు కావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టగా, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. అంటే కట్టడానికి పట్టింది మూడేళ్లు. కడదామా వద్దా అని ఆలోచించడానికి పట్టింది అరవై ఏళ్లు. మధ్యలో పోయిన ప్రాణాలకు ఎవరు జవాబు చెబుతారు?

అదే ఆనకట్టకు 1952లో గండి పడింది. ఈసారి ఆలస్యం చేయలేదు. 1954లో కొత్త బ్యారేజీ పనులు మొదలుపెట్టి 1957లో పూర్తి చేశారు. అదే ప్రకాశం బ్యారేజి. ఆ పని వాయిదా పడి ఉంటే డెల్టా రైతు గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

బుడమేరు కథ వేరు. 2005లో ఆ వాగు విజయవాడను ముంచెత్తింది. మళ్లింపు కాలువను వెడల్పు చేయాలని, ఆక్రమణలు తొలగించాలని అనుకున్నారు. కొన్ని పనులు మొదలయ్యాయి, పూర్తి కాలేదు. ప్రభుత్వాలు మారాయి. వానలు తక్కువ కురిసిన ఏళ్లలో అందరూ మరిచిపోయారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ఎన్నడూ లేనంతగా పొంగింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. లక్షల మంది రోజుల తరబడి నీళ్ల మధ్య గడిపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇక్కడ కూడా నిర్ణయం తీసుకోవలసిన వారు ఒకరు, నడుములోతు నీళ్లలో పసిపిల్లలను ఎత్తుకున్నవారు మరొకరు.

నిదానం వేరు, తాత్సారం వేరు

మన పెద్దలు ‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు. ‘నిదానమే ప్రధానం’ అని కూడా అన్నారు. రెంటిలో ఏది నిజం? రెండూ నిజమే. తొందరపాటు షైతాను నుంచి, నిదానం అల్లాహ్ నుంచి అన్న భావం తిర్మిజీ హదీసులో ఉంది. పెళ్లి సంబంధం విషయంలో విచారించడం, వ్యాపారంలో దిగేముందు నలుగురిని సంప్రదించడం, ఇస్తిఖారా నమాజు చేయడం తాత్సారం కావు. హజ్రత్ ఆయిషా (రజి) రంజాన్‌లో తప్పిపోయిన ఉపవాసాలను తర్వాతి షాబాన్ నెలలో పాటించేవారని బుఖారీ, ముస్లింలలో ఉంది. ప్రవక్త (స) సేవలో ఉన్నందువల్ల అలా చేసేవారని ఉల్లేఖకులు చెప్పారు. కారణం ఉంది, గడువు ఉంది, ఆ గడువులోపు పని పూర్తయింది. కారణమూ గడువూ లేని ఆలస్యమే తాత్సారం.

‘ఇన్‌షా అల్లాహ్’ విషయంలోనూ మనం ఆలోచించుకోవాలి. అల్లాహ్ తలిస్తే అనకుండా రేపు ఫలానా పని చేస్తానని చెప్పవద్దని కహఫ్ సూరా (18:23, 24) బోధిస్తుంది. గట్టిగా సంకల్పించుకున్న మనిషి వినయంతో పలకవలసిన మాట అది. ఈ రోజుల్లో అదే మాటను మర్యాదగా ‘లేదు’ చెప్పడానికి వాడుతున్నాం. ‘అప్పు ఎప్పుడిస్తావు భాయ్?’ అంటే ‘ఇన్‌షా అల్లాహ్’ అనగానే అడిగినవాడికి ఆశ పోతోంది. పవిత్రమైన పేరును మన తప్పించుకోవడానికి అడ్డు పెట్టుకోవడం ఎంత సబబు?

మరి ఏం చేయాలి?

మొదటిది, ‘రేపు’ అన్న మాటను వదిలి వేళ చెప్పడం. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో ఒక సంగతి వివరించారు. ‘చేస్తాను’ అనుకునే వారికన్నా ‘ఫలానా వేళ, ఫలానా చోట చేస్తాను’ అనుకునేవారు పనిని పూర్తిచేసే అవకాశం ఎక్కువ. ముస్లిం ఇంటికి అల్లాహ్ రోజుకు ఐదు వేళలు ముందే నిర్ణయించి ఇచ్చాడు. ‘ఫజ్ర్ అయ్యాక రక్త పరీక్షకు వెళ్తాను’, ‘అసర్ అయ్యాక కరెంటు బిల్లు కడతాను’, ‘ఇషా అయ్యాక చెల్లెలికి ఫోను చేస్తాను’ అనుకుంటే పని గాలిలో తేలదు, అజాన్‌కు ముడిపడుతుంది.

రెండవది, పెద్ద పనిని చిన్నది చేసుకోవడం. ఆస్తి పంపకం ఒక్క రోజులో తేలదు. కానీ ఈ వారం పత్రాలన్నీ ఒకచోట చేర్చవచ్చు. వచ్చే వారం ఫరాయిజ్ తెలిసిన ఆలిమ్ దగ్గర ఎవరి వాటా ఎంతో రాయించుకోవచ్చు. ఆ తర్వాత అక్కచెల్లెళ్లను పిలిచి ఆ కాగితం వారి చేతిలో పెట్టవచ్చు. మొదటి అడుగు పడితే మనసులోని భయం సగం తగ్గుతుంది.

మూడవది, వసీయత్. వసీయత్ చేయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆ మాట విన్నప్పటి నుంచి వసీయత్ తన దగ్గర లేకుండా ఒక్క రాత్రి కూడా గడపలేదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పారు. మనలో ఎంతమంది రాశారు? ఆస్తి లేనివారు కూడా ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో, ఎవరి అమానత్ తన దగ్గర ఉందో ఒక కాగితం మీద రాసి భార్యకు లేదా పెద్ద కొడుకుకు చూపించాలి. భార్యకు ఇవ్వవలసిన మహర్ కూడా ఆ జాబితాలో ఉండాలి. వీలైతే మొదటి వరుసలో ఉండాలి. ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు మరో చోట భద్రపరచాలి. వరదను చూసిన ఊళ్లో ఉన్నవారికి ఇది మళ్లీ మళ్లీ చెప్పనక్కరలేదు.

నాలుగవది, దుఆ. నిస్సహాయత నుంచి, సోమరితనం నుంచి, అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు కోరుతూ ప్రవక్త (స) ప్రార్థించేవారు. సోమరితనమూ అప్పుల భారమూ ఒకే దుఆలో చోటు చేసుకున్నాయి. రెండూ చుట్టాలే.

జుహర్ వరకు ఎవరు హామీ?

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) క్రీ.శ. 717లో ఖలీఫా అయ్యారు. గత పాలకుడిని ఖననం చేసి, అలసిపోయి, కాసేపు నడుం వాలుద్దామని గదిలోకి వెళ్లారు. యువకుడైన ఆయన కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చి, ప్రజల నుంచి అన్యాయంగా లాక్కున్న ఆస్తులను తిరిగి ఇవ్వకముందే నిద్రపోతారా అని అడిగాడు. రాత్రంతా మేలుకున్నాను, జుహర్ నమాజు చేశాక ఆ పని చూస్తానన్నారు తండ్రి. జుహర్ వరకు బతికి ఉంటారని మీకు హామీ ఎవరిచ్చారని కొడుకు ప్రశ్నించాడు. ఆయన వెంటనే లేచి, కొడుకు నుదుటిని ముద్దాడి, బయటికి వచ్చారు. అన్యాయం జరిగినవారెవరైనా ఉంటే ముందుకు రావాలని చాటింపు వేయించారు. చరిత్రకారులు ఈ సంఘటనను ఎంతో మురిపెంగా రాశారు.

ఆ తండ్రి అడిగింది కేవలం కొన్ని గంటల గడువు. మనం సంవత్సరాల గడువు తీసుకుంటున్నాం. ఈ జుమా రోజున మస్జిద్ నుంచి ఇంటికి తిరిగివచ్చాక, మన ‘రేపు’ కోసం ఎదురుచూస్తున్న వారిలో ఒక్కరి పేరు గుర్తు చేసుకుందాం. కూలీ కావచ్చు, అప్పిచ్చినవారు కావచ్చు, అర్ధాంగి కావచ్చు, పుట్టింటి వైపు చూస్తున్న చెల్లెలు కావచ్చు. అసర్ అజాన్ వినిపించేలోపు వారికి సంబంధించిన ఒక్క అడుగైనా వేద్దాం. ఇతరుల హక్కులను సకాలంలో చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.